పాట మనది, పద్దు ఎవరి చేతిలో?

రచయితల హక్కుల సంఘం అనగానే మనోళ్లు చాలామంది అదేదో సినిమావాళ్ల గొడవ, మనకెందుకులే అనుకుంటున్నారు. కాదు. భూమికి పట్టా ఎట్లాగో పాటకు కాపీరైట్ అట్లాగే. పట్టా ఎవరి పేరున ఉందన్నది ఎంత ముఖ్యమో, పట్టాల పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నదీ అంతే ముఖ్యం. కరణాల, పట్వారీల చేతిలో పుస్తకమున్న రోజుల్లో మన ఇనాం భూములు ఏమయ్యాయో మన తాతలను అడిగితే చెప్తారు.

పాటల రచయితలకు, సంగీతకారులకు రాయల్టీ వసూలు చేసిపెట్టే సంఘం ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ. 1969లో పుట్టింది. రేడియోలో, టీవీలో, హోటల్లో పాట మోగితే డబ్బు వసూలు చేసి హక్కుదారులకు పంచడం దాని పని. 1977లో సుప్రీంకోర్టు, డబ్బిచ్చి రాయించుకున్న సినిమా పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే మొదటి హక్కుదారుడని తీర్పు చెప్పింది. పాడేవాళ్ల హక్కు గురించి పార్లమెంటు ఆలోచించాలని ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా రాశారు. ఆ హక్కు చట్టంలోకి ఎక్కడానికి 1994 దాకా పట్టింది.

ఈలోగా రచయితల పేరు మీద నడిచే సంఘంలో కంపెనీల పెత్తనమే సాగుతోందని రచయితలే మొత్తుకున్నారు. 2012లో చట్టం మారింది. రాజ్యసభ సభ్యుడిగా ఉన్న పాటల రచయిత జావేద్ అఖ్తర్ దానికోసం గట్టిగా నిలబడ్డారు. సినిమా హాల్లో తప్ప మరెక్కడ పాట మోగినా రాయల్టీలో రాసినవారికి, స్వరం కట్టినవారికి సమాన వాటా ఉండాలి. ఆ వాటాను వారసులకో, హక్కుల సంఘానికో తప్ప ఎవరికీ రాసివ్వడం చెల్లదు. సంఘం పాలకవర్గంలో రచయితలు, హక్కుదారులు సమాన సంఖ్యలో, సభ్యుల నుంచి ఎన్నికై రావాలి. 2017లో సంఘం కొత్త చట్టం కింద తిరిగి నమోదైంది, జావేద్ అఖ్తర్ చైర్మన్ అయ్యారు. పాట రాసే మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం మంచిదే. మేము ఆహ్వానిస్తున్నాం.

అయితే ఒక్కటి అడుగుతాం. సగం రచయితలంటే ఏ రచయితలు? గూడెంలో పాట కట్టి, డప్పు మీద ఊరూరా తిప్పిన మనిషి ఆ లెక్కలోకి వస్తాడా? చిందు ఆడే అక్క, ఒగ్గు కథ చెప్పే అన్న వస్తారా? చట్టమైతే గారడీ చేసేవారిని, పాములాడించేవారిని కూడా కళాకారులనే రాసింది. కాగితం మీద ఉన్నాం, పద్దులో లేం! కట్టినవాడు కళ్లెదుట బతికుండగానే పాట కింద ‘జానపదం’ అని వేసి చేతులు దులుపుకుంటున్నారు. మన పాట యూట్యూబులో లక్షలమంది వింటుంటే, కట్టినవాడు కూలికి పోతున్నాడు.

సంఘం పెద్దలు నగరాల్లో కూర్చుంటే చాలదు. జిల్లాలకు రావాలి. సభ్యత్వం కాగితాలు తెలుగులో ఇవ్వాలి. లెక్క మాకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఇది దయ కాదు, బాధ్యత.

మన వంతు పనీ ఉంది. కార్యకర్తలు ప్రతి వాడలో ఈ నాలుగు మాటలు చెప్పాలి. ఒకటి, పాట కట్టిన క్షణమే హక్కు పుడుతుంది, రిజిస్టరు చేస్తేనే అన్న నిబంధన లేదు. రెండు, రాతపూర్వకంగా సంతకం లేనిదే హక్కు బదిలీ కాదు. నోటిమాట చెల్లదు. కాబట్టి చదివించుకోకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, వేలిముద్ర వేయొద్దు. మూడు, కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లే అని చట్టం అంటుంది. ‘శాశ్వతంగా’ అన్న మాట కనిపిస్తే ఆగండి. నాలుగు, హక్కు అమ్ముకున్నా పేరు పోదు. ఈ పాట నాది అని చెప్పుకునే హక్కు ఎప్పటికీ మిగిలే ఉంటుంది.

కట్టిన పాటలను, తేదీలను, మొదట పాడిన ఊళ్లను ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. బడికి పోయే పిల్లల చేత రాయించండి. పాట రికార్డయినవాళ్లు సంఘంలో సభ్యత్వం అడగండి. పాడేవాళ్లకు 2013లో హక్కుల సంఘంగా నమోదైన ఇండియన్ సింగర్స్ అండ్ మ్యుజీషియన్స్ రైట్స్ అసోసియేషన్ ఉంది, దాన్నీ అడగండి. సభ్యులం కాకపోతే ఓటు లేదు, ఓటు లేనిదే ఆ కుర్చీల దాకా పోలేం. పంచాయతీలో సీటు కోసం కొట్లాడినవాళ్లం, పాటల పద్దు దగ్గర సీటు ఎందుకు వదులుకోవాలి?