మనకు తొమ్మిది, వాళ్ళకు పదిన్నర

ఈ వారం జీతాల సంగతి, వీసాల సంగతి పక్కన పెడదాం. ఇంటి దగ్గర ఉన్న మన పిల్లల గురించి మాట్లాడుకుందాం. చిన్న పిల్లలు కాదు, ఏడో తరగతి నుంచి ఇంటరు దాకా చదువుతూ, మనం కొనిచ్చిన సెల్లు చేతిలో పట్టుకుని తిరిగే పిల్లలు.

ముందు మా తప్పు మేము ఒప్పుకుంటాం. మేము ఆఫీసులో టైం షీట్లు రాసే గుమాస్తాలమే అయినా, ఉండేది మీ పక్క బ్లాకులోనే. డ్యూటీ దిగి, బస్సులో క్యాంపుకు చేరి, స్నానం చేసి, వంట వంతు ముగించి మంచం ఎక్కేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. అప్పుడు ఇంటికి ఫోన్ చేస్తాం. ఒమాన్ గడియారం మన దేశం కంటే గంటన్నర వెనుక. మనకు తొమ్మిదంటే ఊళ్ళో పదిన్నర. నాన్న ఫోన్ వస్తుందని పిల్లలు మేలుకుని ఉంటారు. మాట్లాడటం అయ్యాక సెల్లు పక్కన పెడతారా? పెట్టరు. వీడియోలు చూస్తూ పన్నెండు చేస్తారు. పొద్దున్నే ఆరింటికి లేచి బడికి పోవాలి. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. 'రాత్రంతా సెల్లేనా?' అని తిట్టేది మనమే, వాళ్ళను మేలుకొలిపి కూర్చోబెట్టేదీ మనమే.

మాలో ఒకరి ఇంట్లో జరిగింది చెబుతాం. ఊరు జగిత్యాల దగ్గర. బిడ్డ పదో తరగతి. ఒకరోజు బడిలో ప్రార్థన జరుగుతుండగా కళ్ళు తిరిగి పడిపోయింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 9 గ్రాములే. ఆ వయసు ఆడపిల్లకు 12కు తగ్గకూడదు. ఇది ఆ ఒక్క బిడ్డ కష్టమే కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. మగపిల్లల్లో నూటికి 31 మందికి ఉంది.

ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు వారానికొక నీలం రంగు ఐరన్ మాత్ర ఇచ్చే పథకం ఉంది. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఈ బిడ్డకూ ఇచ్చారు. కానీ మాత్ర మింగితే పిల్లలు పుట్టరని ఎవరో సెల్లులో మెసేజి పంపితే, అది నిజమనుకుని నెలల తరబడి మాత్రలు కాలువలో పారేసింది. అబద్ధం చెప్పిన సెల్లును నమ్మింది. నిజం చెప్పేవాళ్ళు అదే సెల్లులో ఎవరూ లేకపోయారు.

మావాడికి కోపం ఆగలేదు. మామలు, బాబాయిలు అందరూ ఉన్న కుటుంబం వాట్సాప్ గ్రూపులోనే బిడ్డను తిట్టిపోశాడు. ఆ రోజు నుంచి ఆమె నాన్న మెసేజి విప్పి చూడటం మానేసింది. పది రోజులు మావాడికి అన్నం సహించలేదు. మా గదిలో ఉండే కడప పెద్దాయన ఒక్క మాటే అన్నాడు: 'ఎదిగిన పిల్లను పదిమందిలో నిలబెడితివి. ఇంక నీతో ఏం చెప్పుకుంటుందబ్బా?'

మావాడు గ్రూపులో కాకుండా బిడ్డకే విడిగా వాయిస్ మెసేజి పెట్టాడు. 'తప్పు నాది తల్లీ. నాక్కూడా బీపీ మాత్ర రోజూ గుర్తుండదు. నువ్వు నాకు గుర్తు చెయ్యి, నేను నీకు గుర్తు చేస్తా' అన్నాడు. రెండో రోజు జవాబు వచ్చింది: 'నువ్వు వేసుకున్నావా నాన్నా?' అప్పటి నుంచి అదే అలవాటు. మన మధ్యాహ్నం మూడింటికి, అంటే ఊళ్ళో బడి వదిలే నాలుగున్నరకు, ఇద్దరూ ఒకరికొకరు మాత్ర ఫోటో పంపుకుంటారు. డాక్టరు చెప్పినట్టు మూడు నెలలు రోజూ మాత్ర మింగాక మళ్ళీ పరీక్ష చేస్తే 11 దాటింది. ఇంకా 12 కాలేదు. మాత్రలు నడుస్తున్నాయి.

ఇందులో మేము నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాం.

రాత్రి ఫోన్ తగ్గించి, వాయిస్ మెసేజి పెట్టండి. పిల్లలు పొద్దున లేచి వింటారు. తీరిగ్గా మాట్లాడటానికి శుక్రవారం సాయంత్రం ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా బయట పనిచేసే వారికి మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు విరామం చట్టమే ఇచ్చింది. అందులో చివరి పది నిమిషాలు పిల్లలకివ్వండి.

ఐరన్ మాత్ర అన్నం తిన్నాక వేసుకోవాలి, వెంటనే టీ తాగకూడదు. నిమ్మకాయ, ఉసిరి మంచివి. విరేచనం నల్లగా వస్తే భయపడనక్కర లేదు. ఈ నాలుగు మాటలు మీ గొంతుతో చెప్పి పంపితే, ఊరూ పేరూ లేని మెసేజి కంటే బాగా నమ్ముతారు.

చెప్పేది మనం కూడా చెయ్యాలి. పిల్లలు రోజుకు 60 నిమిషాలు ఆడాలని, నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మాలో ఇంకొకరు ఇంటరు చదివే కొడుకుతో సెల్లులో అడుగుల లెక్క పందెం కాస్తున్నారు. రోజంతా కుర్చీలో కూర్చునే గుమాస్తా కొడుకు చేతిలో వారం వారం ఓడిపోతున్నాడు, ఆ ఓటమి అతనికి సంతోషమే. ఎనర్జీ డ్రింకు ఆరోగ్యానికి చెరుపనే ఒమాన్ ప్రభుత్వం 2019లో దాని మీద నూటికి నూరు శాతం పన్ను వేసింది. మనం అదే డబ్బా పట్టుకుని ఫోటో దిగి స్టేటస్ పెడితే, కొడుకుకు ఏ నోటితో వద్దని చెబుతాం?

మరొక్క మాట. పిల్లల బరువు, రంగు, నెలసరి, మార్కులు గ్రూపులో పెట్టకండి. పక్కింటి పిల్లతో పోల్చకండి. పిల్లలు దిగులుగా ఉండి మీతో చెప్పుకోలేకపోతే 14416 నంబరుకు ఫోన్ చెయ్యమనండి. అది 2022లో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ సేవ. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

మనం ఇక్కడ చెమటోడ్చేది పిల్లలు బాగుండాలనే. సెల్లు కొనివ్వటంతో మన బాధ్యత తీరదు. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసే ముందు ఒక్కసారి గడియారం చూసి, గంటన్నర కలిపి లెక్క వేసుకోండి.

మీ ఇంట్లో ఏం మారిందో మాకు రాయండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.