కప్పకు నెలవు

హైదరాబాదు నగరమందలి జూబ్లీ హిల్సు రాతినేల. ఆ రాళ్ల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భ శాస్త్రజ్ఞుల అంచనా. తొలకరికి బండల నడుమ నీరు నిలిచినప్పుడు కప్పలు వెలికివచ్చి రాత్రియంతయు బెకబెకలాడును. నేడు పెక్కు బండలు పగిలి భవనములైనవి. కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానము వంటి కొలది తావులలోనే పూర్వపు నేల మిగిలినది. ఇట్టి చోట పెరుగు బాలురకు, ఒక కప్పను పట్టి తెచ్చి గాజుతొట్టెలో పెంచుకొనవలెనను ముచ్చట కలుగుట సహజము. ముచ్చట మంచిదే, మార్గము మంచిది కాదు.

సమీపమున నున్న ఫిల్మ్ నగరు చలనచిత్రములకు నెలవు. చిత్రము కొరకు కట్టిన ఇల్లు ముందునుండి చూచిన మేడవలె నుండును. వెనుకకు పోయి చూచిన కర్రలు, పలకలు మాత్రమే కనబడును. గాజుతొట్టెయు అట్టిదే. చూచువానికి అది కొలను, కప్పకు చెర. కప్ప చర్మము ద్వారా నీటిని గ్రహించును, గాలిని కూడ పీల్చును. కావున కుళాయినీటిలోని క్లోరిను, చేతికంటిన సబ్బు సులభముగా దానికి హాని చేయును. కదలాడు పురుగులే దాని ఆహారము. వానిని ప్రతిదినము సమకూర్చుట పిల్లలకు సాధ్యమా? ఒకచోటి కప్పను వేరొకచోటికి మార్చిన చర్మరోగములు కూడ వ్యాపింపవచ్చును.

కప్పను ఇంటికి తెచ్చుటకంటె, కప్ప వచ్చునట్టి తావును ఇంట కల్పించుట మేలు. పెరటిలో నీడపట్టున ఒక తొట్టి కట్టవలెను. అందు సగము నేల, సగము నీరు ఉండవలెను. నీటిలోతు జానెడు చాలును. నేలనుండి నీటిలోనికి గులకరాళ్లతో ఏటవాలు దారి అమర్చవలెను. నిలువుగోడలైన కప్పపిల్లలు ఎక్కలేక మునిగిపోవును. నేలపై మట్టి, రాలుటాకులు పరచి, పగిలిన కుండనొకదానిని బోర్లించిన అది కప్పకు ఇల్లగును. వాననీరు శ్రేష్ఠము, కుళాయినీరైనచో ఒకటి రెండు దినములు వెడల్పు పాత్రలో నిలువయుంచి పోయవలెను. చేపలను విడువరాదు, అవి తోకకప్పలను తినివేయును. పురుగుమందు చల్లరాదు. పసిబిడ్డలున్న ఇంట తొట్టిచుట్టు కంచె తప్పనిసరి.

నిలువనీట దోమలు పుట్టవా యని పెద్దలు శంకింతురు. ఆ శంక న్యాయమైనదే. కప్పలపైననే భారము వేయక, వారమునకు రెండుమారులు సన్నని వలతో దోమపిల్లలను దేవివేయవలెను. ఆ పాటి శ్రమకు ఓర్వనివారు తొట్టి కట్టకుండుటయే మంచిది.

కప్ప రైతునకు మిత్రము. పైరునకు కీడుచేయు పురుగులను అది తినును. విదేశములకు కప్పకాళ్ల ఎగుమతిని మన ప్రభుత్వము 1987లో నిషేధించినది. వానలు కురియని యేట కప్పను రోకలికి కట్టి, వేపాకు చుట్టి, ఇంటింట నీరు పోయించుట మన పల్లెల ఆచారము. కప్పకు, వానకు గల చుట్టరికమును మన పూర్వులు గుర్తించిరి. ఆ చుట్టమును బంధించి తెచ్చుట మర్యాద కాదు. తావు చూపినచో అది తానే వచ్చును. రాకున్నను, మరుసటి వానకై వేచియుండుటయే నిజమైన ప్రేమ.