పురపాలక సంఘములు - గుత్తపనుల వేలము

పాలు పోయువాడు ఇరుగుపొరుగు వారందఱికంటె సగము ధరకే పోసెదనని వచ్చి ముంగిట నిలిచినచో, మన గృహిణులలో వాని ఔదార్యమునకు మురిసిపోవువారుండరు. ఇందులో నీళ్లెన్ని యని మొదట నడుగుదురు. నాలుగు దినములు పాలు కాచి, మీగడ చూచి, పిమ్మట గాని ఖాతా పెట్టరు. ఇంటి యిల్లాలికున్న యీ యింగితము మన పురపాలక సంఘములకు లేకపోవుట వింత. వీధులూడ్పించుటకు, చెత్త తరలించుటకు, మురుగుకాల్వలు తీయించుటకు, బండ్లును యంత్రములును కొనుటకు వారు వేయు ప్రశ్న యొక్కటియే: ఎవరు తక్కువకిత్తురు? ఆ తక్కువ యెచ్చటినుండి వచ్చుచున్నదో విచారించు నాచారము లేదు. నేను చెప్పదలచినది యింతే. పనివాని కూలిని వేలమునకు పెట్టుట పొదుపు కాదు, అధర్మము. అధర్మమే కాదు, లెక్క తప్పు కూడ.

ఇది కార్యాలయముల గొడవ గదా, గృహస్థులకెందులకని కొందఱనవచ్చును. 1992లో పార్లమెంటు ఆమోదింపగా 1993 జూన్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పురపాలక సంఘములకు రాజ్యాంగమున స్థానము కల్పించినది. దానితో చేర్చిన పన్నెండవ షెడ్యూలులోని 18 విషయములలో నీటి సరఫరా, ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము, వీధిదీపములు గలవు. ఇవన్నియు మన వంటయింటికిని పసిపిల్లల పడకకును సంబంధించినవే. వీధిలో కాల్వ పూడినచో దోమ కుట్టునది మన బిడ్డలనే. గుత్తేదారునకు చెల్లించు సొమ్మును మనము కట్టిన యింటిపన్నులోనిదే.

ఇక పద్ధతి యెట్టిదో చూతము. ఇంజనీరు పనికి అంచనా వేయును. టెండరు ప్రకటన వెలువడును. పోటీకి వచ్చువారు ధరావతు కట్టి, రెండు కవర్లు సమర్పింతురు. మొదటిదానిలో వారి అనుభవము, వార్షిక వ్యాపారము, పన్నుల పత్రములు ఉండును. రెండవదానిలో ధర యుండును. మొదటి కవరులో అర్హులని తేలినవారి రెండవ కవర్లు మాత్రమే విప్పుదురు. వారిలో ఎవరిది కనిష్ఠ ధరయో వారికి పని దక్కును. 2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ వ్యవహారమును కంప్యూటరు మీదికి మార్చుట ప్రారంభించినది. అంతకుముందు టెండరు పెట్టె యొద్ద గుంపులుగా నిలిచి, పోటీదారుని కవరు వేయనీయక అడ్డగించెడి దౌర్జన్యము దీనిచే తగ్గినది. ఆ మేలును కాదనను.

కనిష్ఠ ధర నియమము సదుద్దేశముతో పుట్టినదే. అధికారి తన బావమఱదికి పని కట్టబెట్టకుండుటకు, మనసునకు నచ్చినవానిని గాక అంకె నిర్ణయించినవానిని ఎన్నుకొనవలెనని పెద్దలు భావించిరి. అంకెకు బంధుత్వము లేదన్నమాట నిజము. అయితే అంకెకు మనస్సాక్షియు లేదు. ఇటుకలు కొనునపుడు ఈ నియమము కొంతవఱకు చెల్లును; ఒకే కొలత, ఒకే గట్టితనము గల యిటుకకు తక్కువ ధర మేలే. పారిశుద్ధ్యపు పని యిటుక కాదు. అందులో అధికభాగము మనుష్యుల కూలియే. అట్టి పనికి ధర తగ్గించుమనుటకు, కూలి తగ్గించుమనుటకు భేదమేమి?

బడిపిల్లలు చేయగల లెక్క యొకటి చూడుడు. ఉదాహరణమునకు ఒక పట్టణమునకు నూఱుగురు పారిశుద్ధ్య కార్మికులు కావలెననుకొందము. ఒక్కొక్కరికి నెలకు 15,000 రూపాయలు. మొత్తము 15,00,000. భవిష్యనిధికి యజమాని వాటా నూటికి 12 చొప్పున 1,80,000. ఉద్యోగుల బీమాకు నూటికి 3.25 చొప్పున 48,750. అన్నియు కలిపి 17,28,750 రూపాయలు. ఇందులో చీపురు లేదు, చేతితొడుగు లేదు, గుత్తేదారుని లాభము లేదు. ఇపుడొకడు 16,50,000 రూపాయలకే చేసెదనని టెండరు వేసి గెలిచెననుకొందము. మొదటి నెలలోనే అతనికి 78,750 రూపాయలు లోటు. అతడేమి దానకర్ణుడా? మస్టరులో నూఱు పేర్లుంచి, తొంబదిమందినే పనికి పంపును. ఆ తొంబదిమందికి అయ్యెడి వ్యయము 15,55,875. లోటు పోయి 94,125 రూపాయలు చేతికి మిగులును. పదిమంది పనిని తొంబదిమంది వీపుల మీద వేసిన లాభమిది. అదియు చాలదని తోచినచో, భవిష్యనిధి సొమ్ము కట్టక జాప్యము చేయుట, పనిలో చేర్చుకొనుటకు ముడుపు పుచ్చుకొనుట, జీతపు కార్డు తనయొద్దనే యుంచుకొనుట మొదలగు మార్గములు వానికి కొఱతలేదు. మన సంఘమునకు మాత్రము కాగితము మీద 78,750 రూపాయలు ఆదా!

ఈ పోటీ యెంతవఱకు దిగజాఱినదో చెప్పుటకు ఒక్క సంగతి చాలును. కూలి మీద తమ సేవారుసుము ఏమియు వలదని, సున్న వేసి టెండర్లు పెట్టువారు బయలుదేఱిరి. 2014 జనవరిలో కేంద్ర ఆర్థికశాఖ, శూన్యము కోరిన టెండరును చెల్లనిదిగా నెంచి ప్రక్కకు పెట్టవలెనని ఉత్తరువు చేయవలసి వచ్చెను. ఊరక పని చేయు వ్యాపారి లేడను లోకజ్ఞానమునకు సైతము ఉత్తరువు కావలసివచ్చిన కాలమిది. సున్నకు బదులు పైసలు వేసినచో ఆ యుత్తరువు వానినేమి చేయగలదు?

కనిష్ఠ ధర నియమముచే పక్షపాతమైనను పోయినదా? పోలేదు. అది రెండవ కవరునుండి మొదటి కవరులోనికి కాపురము మార్చినది. కావలసినవాడు తప్ప మఱెవ్వరును నెగ్గలేని షరతులు అందు చేరును. చిన్న పట్టణపు పనికి మహానగరములలో చేసిన యనుభవము కోరుదురు. యంత్రపు వర్ణనము ఒక్క కంపెనీ సరకునకే సరిపోవునట్లు, పెండ్లికూతురి కొలతలు చూచి రవిక కుట్టినట్లు వ్రాయుదురు. పెద్ద పనిని చిన్న తునుకలు చేసి, టెండరు అక్కఱలేని నామినేషను పద్ధతిలో పంచిపెట్టుదురు. లేదా పోటీదారులే ముందుగా కూడబలుకుకొని, ఈ యేడు నీది, వచ్చు నేడు నాదని రింగు కట్టుదురు. 2002 నాటి పోటీ చట్టము దీనిని నిషేధించినది గాని, వాడుకలో నుండి తొలగింపలేదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున రాజధనమపహరించు విధములు నలువది లెక్కించెను. నేడాతడు మన టెండరు షరతులు చదివినచో ఆ పట్టిక పెంచవలసివచ్చును.

ధర నింకను పిండినచో మేలగునని తలంచువారికి ఆంధ్రప్రదేశ్ చేసిన ప్రయత్న మొకటి కలదు. 2019లో అచట ప్రభుత్వపు పనులకు రివర్సు టెండరు విధానము పెట్టిరి. తేలిన కనిష్ఠ ధరనుండి మరల క్రిందికి పాట పాడించుట దాని సారము. 2024లో దానిని రద్దు చేసిరి. దానివలన ఆదాయెంతని ఒక పక్షమును, పనులెన్ని నిలిచెనని మఱొక పక్షమును వాదించుకొనిరి. మన ప్రశ్న ఆ రెంటికిని వెలుపలిది. మెట్టమీదినుండి క్రిందికి పాట పాడునపుడు చిట్టచివఱి మెట్టు మీద నిలిచియున్నది ఎవరు? చీపురు పట్టిన స్త్రీయే గదా!

మురుగు కాల్వల విషయమున ఈ చవకబేరము ప్రాణములనే తీయుచున్నది. 2013 నాటి చట్టము ప్రకారము ఏ స్థానిక సంఘమును, ఏ గుత్తేదారుడును, నేరుగా గాని పరోక్షముగా గాని, రక్షణలేని యపాయకరమైన పద్ధతిలో మురుగుగుంతలలోనికి మనుష్యుని దింపరాదు. 2014 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానము, అట్లు మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయలు చెల్లింపవలెననెను. 2023 అక్టోబరులో ఆ మొత్తమును ముప్పది లక్షలు చేసెను. అయినను దింపుట ఆగలేదు. ఏలన, యంత్రము నద్దెకు తెచ్చుటకంటె మనుష్యుడు చవుక. కనిష్ఠ ధరకు పాడుకొన్నవాడు చవుకైనదానినే వాడును. అతనికి టెండరు నేర్పిన పాఠమే యది.

వేఱు త్రోవ లేదా యన్నచో, ఉన్నది. 2017లో హైదరాబాదు మంచినీటి, మురుగునీటి బోర్డు ఇఱుకు సందులలోనికి పోగల చిన్న జెట్టింగు యంత్రములు 70 తెప్పించినది. దళిత పారిశ్రామికుల సంఘమైన డిక్కితో కలిసి, ఆ వర్గమువారినే యంత్రముల యజమానులుగా నెంచి, పని యప్పగించినది. తరతరములుగా గుంతలోనికి దిగవలసివచ్చిన కులముల బిడ్డ, ఒడ్డున నిలిచి తన సొంత యంత్రము నడపుకొనెను. ఆ యేర్పాటు సర్వదోషరహితమని నేననను. పనిని ఎవరికిచ్చుటయను నిర్ణయములో ధరతోపాటు ధర్మమునకును చోటీయవచ్చునని దానివలన రుజువైనది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆప్కాస్ అను పొరుగుసేవల సంస్థను ప్రారంభించి, దళారి గుత్తేదారుని తొలగించి, పనివారి జీతమును వారి బ్యాంకు ఖాతాలకే పంప నుద్యమించుటయు ఇట్టిదే. ఏ ప్రభుత్వము చేసినను మంచిని మంచియనవలెను.

గుత్తకిచ్చిన పిమ్మట కార్మికుల బాధ్యత మాది కాదని అధికారులు చెప్పుట వినుచుందుము. ఇది చట్టము నెఱుగని మాట. గుత్తేదారుడు కూలి ఎగవేసినచో ప్రధాన యజమానియే చెల్లింపవలెనని 1970 నాటి గుత్తకార్మికుల చట్టము శాసించెను. 2020లో పార్లమెంటు చేసిన కొత్త కార్మికస్మృతియు ఆ సూత్రమును విడువలేదు. పనిని గుత్తకీయవచ్చును గాని బాధ్యతను గుత్తకీయరాదు.

రస్కిన్ 1860లో ప్రకటించిన నాలుగు వ్యాసములను గాంధీమహాత్ముడు 1908లో సర్వోదయమను పేర గుజరాతీలో సంగ్రహించెను. అందలి ముఖ్యవాదము మనకిప్పుడు మిక్కిలి యవసరము. కూలి నిర్ణీతమై యుండవలెను. ఆ కూలికి మంచి పనివానిని ఎన్నుకొనవలెను. చెడ్డ పనివాడు సగము ధరకు వచ్చి మంచివాని నోట మన్ను కొట్టు వీలుండరాదు. అనగా పోటీ పనితనమున నుండవలెను గాని ఆకలియందుండరాదు. మన టెండరులో దీనికి సరిగా తలక్రిందైన పద్ధతి సాగుచున్నది. పనితనమునకు మార్కులు లేవు, ఆకలికి బహుమానము కలదు.

నాణ్యతకు మార్కులు వేయు స్వాతంత్ర్యమిచ్చినచో లంచములు పెరుగునని ఆక్షేపింతురు. ఉపాధ్యాయుడనగుటచే ఈ యాక్షేపణము నాకు చిరపరిచితము. లెక్కకు మార్కు వేయుట సులభము, వ్యాసమునకు వేయుట కష్టము. అందులకని వ్యాసరచనను పాఠశాలనుండి తీసివేసితిమా? 2011లో సర్వోన్నత న్యాయస్థానము, పరీక్ష వ్రాసినవాడు దిద్దిన తన జవాబుపత్రమును చూచుకొనవచ్చునని తీర్పు చెప్పెను. టెండరునందును అంతే. ఎవరికెన్ని మార్కులు, ఏ కారణమున వచ్చినవో అందఱును చూచునట్లు ప్రకటించినచో, తప్పు మార్కు దాగదు. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థికశాఖయే, నాణ్యత ముఖ్యమైన కొన్ని కొనుగోళ్లలో నూటికి 30 మించకుండ నాణ్యతకు మార్కులీయవచ్చునని సమ్మతించినది. ఢిల్లీకి తగినది మన పట్టణమునకేల తగదు?

కావున చేయవలసినవి యివి. కూలి, భవిష్యనిధి, బీమా టెండరులో మార్పరాని యంకెలుగా ముందే ముద్రింపవలెను. ఆ సొమ్ము కార్మికుని ఖాతాకే పోవలెను. పోటీ నిర్వహణలోను, పనితనములోను మాత్రమే జరుగవలెను. యంత్రము కొనునపుడు నేటి ధరనే గాక, దాని యాయుర్దాయమంతటిలో నగు మరమ్మతు, నూనె, విడిభాగముల వ్యయమును లెక్కగట్టవలెను. లేనిచో చవుకగా కొన్న బండి రెండవ యేటనే షెడ్డులో తుప్పుపట్టును. వీధిలోని నివాసులలో ఇరువురు ముగ్గురు పని చూచి సంతకము చేయనిదే నెలసరి బిల్లు చెల్లింపరాదు.

వీనిని సంఘములు తమంతట తాము చేయవు. 1874లో వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధని స్థాపించి, రాజమహేంద్రవరపు టధికారుల లంచములను బట్టబయలు చేసినపుడు వారి చేతిలో కలమే గాని చట్టము లేదు. మనకు 2005 నాటి సమాచారహక్కు చట్టము కలదు. దాని ప్రకారము గుత్త ఒప్పందమును, మస్టరును చూడవచ్చును. జరుగుచున్న పనిని పరీక్షింపవచ్చును. వాడిన సామగ్రినుండి మచ్చు తీసికొనవచ్చును. ప్రతి వార్డునందును చదువుకొన్న స్త్రీపురుషులు నలుగురు కలిసి, తమ వీధి నూడ్చుటకు ఒప్పుకొన్నవారెందఱు, వచ్చుచున్నవారెందఱు, వారి చేతికందుచున్నదెంత యని మూడు ప్రశ్నలు వ్రాసి సమర్పింపుడు. ఉదయమున తలుపు తీయగనే చీపురుతో కనబడు ఆమెనే మొదట నడుగుడు. ఆమె చెప్పిన యంకెను మస్టరులోని యంకెతో సరిచూచుడు. రెండును కలియనిచోట, వచ్చిన యేడు టెండరు పిలుచుటకు ముందే మీ సభ్యుని నిలదీయుడు.