తుఫానుకు ఒక నిచ్చెన, ఇంటి గోడకు ఇంకో నిచ్చెన

ప్రతి అక్టోబర్‌లోనూ టీవీ తెర మీదికి ఒక నిచ్చెన వస్తుంది. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను, తీవ్ర తుఫాను, అతి తీవ్ర తుఫాను. 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటిన మొంథా ఈ నిచ్చెన మీద ‘తీవ్ర తుఫాను’ మెట్టు దాకా ఎక్కింది. నిచ్చెనమెట్ల గురించి మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. అయితే వాతావరణ శాఖ వాడే ఈ నిచ్చెన కొలిచేది ఒక్కదాన్నే, గాలి వేగాన్ని. గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం. 62కి చేరితే తుఫాను, పేరు పెట్టేదీ అక్కడి నుంచే. 89 అయితే తీవ్ర తుఫాను, 118 అయితే అతి తీవ్ర తుఫాను, 222 చేరితే సూపర్ సైక్లోన్.

ఎంత వాన పడుతుంది, సముద్రం ఎంత లోపలికొస్తుంది, పిడుగు ఎవరి చేలో పడుతుంది అన్నవి ఈ నిచ్చెన మీద లేవు. మనవాళ్లు ఎక్కువగా చనిపోయేదీ, ఇల్లూ పనీ పోగొట్టుకునేదీ మాత్రం వాటివల్లే. అందుకే తుఫాన్లు ఎలా పుడతాయన్న సంగతిని వాతావరణ శాస్త్రవేత్తలకు వదిలేసి, సహాయం దగ్గర మాత్రమే మనం గొంతెత్తితే సరిపోదని మా అభిప్రాయం. ఏ రకం తుఫాను ఎవరిని, ఏ దారిలో పట్టుకుంటుందో తెలిస్తేనే ఏం అడగాలో తెలుస్తుంది.

ముందు సముద్రం సంగతి. బంగాళాఖాతం పైనీళ్లు సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్ కంటే వెచ్చగా ఉండాలి. ఆ వెచ్చదనం పైపైన కాక పదుల మీటర్ల లోతు దాకా ఉండాలి. నీరు ఆవిరై పైకి లేచి, చల్లబడి మేఘంగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదులుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద పీడనం ఇంకా పడిపోతుంది, చుట్టూ ఉన్న తడిగాలి ఇంకా లోపలికి దూసుకొస్తుంది. తుఫాను తన ఇంధనాన్ని తానే లాక్కునే యంత్రమన్నమాట. భూమి తిరగడం వల్ల ఆ గాలి సూటిగా రాకుండా సుడి తిరుగుతుంది. మన అర్ధగోళంలో ఆ సుడి గడియారపు ముళ్లకు ఎదురు దిశలో ఉంటుంది. భూమధ్యరేఖకు మరీ దగ్గరగా, సుమారు 5 డిగ్రీల లోపు, ఈ తిప్పుడు బలం చాలదు కాబట్టి అక్కడ తుఫాన్లు పుట్టడం చాలా అరుదు.

మరి జూలై, ఆగస్టుల్లోనూ సముద్రం వెచ్చగానే ఉంటుంది కదా, అప్పుడు పెద్ద తుఫాన్లు ఎందుకు రావు? నైరుతి రుతుపవనాల కాలంలో కింది గాలి ఒక దిక్కుకి, పై గాలి ఇంకో దిక్కుకి బలంగా వీస్తాయి. నిలబడబోతున్న సుడి తల ఒకవైపు, మొదలు ఒకవైపు లాగబడి చెదిరిపోతుంది. పైగా ఆ కాలపు వాయుగుండాలు ఎక్కువగా ఉత్తర బంగాళాఖాతంలో పుట్టి, బలపడే వ్యవధి లేకుండానే నేలెక్కేస్తాయి. అందుకే మనకు తుఫాన్ల కాలాలు రెండే: రుతుపవనాలకు ముందు ఏప్రిల్, మే, తర్వాత అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. రెండో కాలం వరి పొట్టకొచ్చి, కంకి వాలి, కోతకొచ్చే కాలం. డెల్టాలో కూలీకి ఏడాదిలో నాలుగు డబ్బులు కనిపించే రోజులు కూడా అవే.

నేలెక్కిన తుఫాను బలం తగ్గుతుంది. తడిగాలి అందదు, నేల రాపిడి అడ్డుతగులుతుంది. కాని దానికి ముందే అది సముద్రాన్ని తీరం మీదికి నెట్టేసి ఉంటుంది. అదే ఉప్పెన. పడమరకు కదిలే తుఫానులో కేంద్రానికి ఉత్తరాన గాలి తూర్పు నుంచి, అంటే సముద్రం మీంచి నేల మీదికి వీస్తుంది. దక్షిణాన నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. 1977 నవంబర్ 19న తుఫాను కేంద్రం తీరం తాకింది చీరాల దగ్గర. సుమారు 5 మీటర్ల ఉప్పెన విరుచుకుపడింది దానికి ఉత్తరాన ఉన్న దివిసీమ మీద. పది వేల మందికి పైగా చనిపోయారు. కేంద్రం ఎక్కడ తీరం దాటుతుందన్న ఒక్క చుక్కనే చూపించే హెచ్చరిక ఎంత తప్పుదారి పట్టించగలదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువగా ఉంటే నీరు ఇంకా ఎత్తుకు లేస్తుంది. ఆ సమయానికి పోటు కూడా కలిస్తే ఇక చెప్పేదేముంది.

ఇక్కడ ఒక పక్క మాట. చాలా ఊళ్లలో వాడ తూర్పునే ఎందుకుందంటే, వాడ మీదుగా వీచిన గాలి ఊరికి తగలకూడదని పెట్టారంటారు మన పెద్దలు. పడమటి గాలిని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు అది. ఉప్పెన గాలి వచ్చేది తూర్పు నుంచి. ఊరిని ‘అంటు’ నుంచి కాపాడటానికి గీసిన పటంలో, సముద్రం వచ్చినప్పుడు మొదట నిలబడేది వాడే.

అన్ని ఊళ్లూ అలా ఉండవనుకుందాం. పల్లం సంగతిని మాత్రం ఎవరూ కాదనలేరు. మెరక ఊరిది, పల్లం వాడది. మురుగు కాల్వ గట్టు, చెరువు కింది జాగా, పోరంబోకు, ఇళ్ల స్థలాల పేరుతో ఇచ్చిన లోతట్టు భూమి. అందుకే నిచ్చెన మీద కింది మెట్టే మనకు ఎక్కువ ప్రమాదం కావచ్చు. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో విజయవాడను ముంచింది తుఫాను కాదు, కళింగపట్నం దగ్గర తీరం దాటిన ఒక వాయుగుండం. దానికి పేరు కూడా లేదు. గాలి లెక్కన చూస్తే చిన్నది. కాని అది మోసుకొచ్చిన తేమ అంతా కృష్ణా, ఎన్టీఆర్, ఖమ్మం జిల్లాల మీద కుమ్మరించింది. బుడమేరు పొంగి, గట్లు తెగి, సింగ్‌నగర్ చుట్టుపక్కల కూలినాలి చేసుకునే జనం రోజుల తరబడి నీళ్లలో ఉన్నారు. ‘వాయుగుండమే కదా’ అన్న ధైర్యం మిద్దె మీద ఉన్నవాళ్లకు సరే.

మూడో రకానికి సముద్రంతో పని లేదు. మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం నేల కాగుతుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే తడిగాలి, లోపలి నుంచి వచ్చే పొడిగాలి ఒకచోట కలుస్తాయి. వేడెక్కిన తడిగాలి నిలువునా లేచి పది పన్నెండు కిలోమీటర్లు, కొన్నిసార్లు అంతకు మించిన ఎత్తున్న క్యుములోనింబస్ మేఘమవుతుంది. లోపల మంచు పలుకులు, మెత్తటి వడగళ్లు ఒకదాన్నొకటి రాసుకుని విద్యుదావేశం విడిపోతుంది. పిడుగు పుట్టేది అక్కడే. అదే మేఘం నుంచి చల్లబడి కిందికి దిగే గాలి నేలను తాకి నలువైపులా చిమ్ముతుంది. మనం ఈదురుగాలి అనేది దాన్నే. తుఫానుకు రోజుల వయసు ఉంటుంది, దీనికి గంట. వందల కిలోమీటర్ల వెడల్పు కాదు, నాలుగైదు ఊళ్లు.

కాబట్టి హెచ్చరిక కూడా గంటల్లోనే రావాలి. వాతావరణ శాఖ మూడు గంటల ముందస్తు సూచనలు ఇస్తోంది, పుణేలోని ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగులను చూపిస్తుంది. మంచిదే. కాని నాట్లేసే ముఠాలో వంగి ఉన్న ఆడమనిషి ఫోను గట్టు మీది సంచిలో ఉంటుంది. మోగినా, మెరిసినా, చేలోంచి బయటికి రావాలా వద్దా అని తేల్చేది ఆమె కాదు. గుత్తకు ఒప్పుకున్న ఎకరం పూర్తి కావాలి. పని మధ్యలో ఆపితే పూట కూలి పోతుంది. పిడుగు విషయంలో మన డిమాండ్ కొత్త యాప్ కాదు, హెచ్చరిక వచ్చినప్పుడు కూలి పోకుండా పని ఆపే హక్కు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో దేశంలో ప్రకృతి ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 8,060 మంది, అందులో పిడుగుపాటుకు పోయినవాళ్లు 2,887 మంది. వేరే ఏ కారణం వల్లా ఇంతమంది పోలేదు. ఈ లెక్కలో కులం గడి లేదు. చెట్టు కిందికి పరుగెత్తినవాళ్లకు చెట్టు మీంచి పక్కకు దూకే మెరుపు తగులుతుంది, తడి నేలలో పాకే కరెంటు కాళ్ల గుండా వస్తుంది. ఆ వేళలో ఆరుబయట పొలాల్లో ఉండేది ఎవరో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో ఎస్సీల చేతిలో ఉన్నవి దాదాపు 12 శాతం, విస్తీర్ణంలో 9 శాతం లోపు. అంటే పొలంలో ఉన్నది మనం, పొలం ఉన్నది వేరేవాళ్లకు.

ఇంత ప్రాణాలు తీస్తున్నా, 2021-26 కాలానికి కేంద్రం గుర్తించిన 12 విపత్తుల జాబితాలో తుఫాను ఉంది, వడగళ్ల వాన ఉంది, మంచు చరియలు కూడా ఉన్నాయి, పిడుగు లేదు. రాష్ట్రం తన సొంత విపత్తుగా ప్రకటించుకుంటే విపత్తు స్పందన నిధిలో 10 శాతం వరకు ఇలాంటివాటికి వాడుకోవచ్చు. వడగళ్లు పంటను కొడతాయి, పిడుగు కూలీని కొడుతుంది. జాబితా ఎవరి నష్టాన్ని ముందు చూసిందో దీన్నిబట్టి అనుకోవచ్చు.

గాలి తగ్గాక రెండో నిచ్చెన దిగుతుంది. ఇది ఇళ్లకు. కేంద్రం 2022-26 నిబంధనల్లో మైదాన ప్రాంతంలో పూర్తిగా పడిపోయిన ఇంటికి 1,20,000 రూపాయలు. పక్కా అయినా, కచ్చా అయినా అంతే. అదే ఇంటిని ‘గుడిసె’ అని రాస్తే 8,000. రాష్ట్రాలు తమ వంతు కలిపి ఎక్కువ ఇవ్వొచ్చు గానీ లెక్కకు మొదలు ఇదే. కచ్చా ఇంటికి, గుడిసెకు మధ్య గీత ఎక్కడుంది? గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టాలతో వేసుకున్న, కచ్చా ఇంటికంటే తక్కువదైన తాత్కాలిక నివాసం గుడిసె అంటుంది నిబంధన. సగం మట్టిగోడ, మీద తాటాకు, ఒకవైపు రేకు ఉన్న ఇల్లు ఏది? ఆ రోజు వచ్చిన ఉద్యోగి కలం ఏది అంటే అది. ఆ కలం పోటుతో 1,12,000 రూపాయలు పోతాయి. పైగా ఇల్లు అధికారుల అనుమతి ఉన్న కట్టడం కావాలి. పోరంబోకులో, కాల్వ గట్టున మూడు తరాలుగా ఉన్న కుటుంబం దగ్గర ఏ అనుమతి ఉంటుంది? మెరక మీద చోటివ్వనిదీ, పల్లంలో ఉన్నందుకు కాగితం అడిగేదీ ఒకే వ్యవస్థ.

పంట దగ్గరా ఇదే కథ. 33 శాతం, ఆపైన పోతేనే నష్టం కింద లెక్క. ఇన్‌పుట్ సబ్సిడీ హెక్టార్ల లెక్కన. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలుదారుకు సాగు హక్కు పత్రం రావాలంటే భూ యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టని యజమాని పొలంలో మునిగిన పంటకు పెట్టుబడి పెట్టింది ఒకరు, పరిహారం అందుకునేది ఇంకొకరు. ఇక కోతలు పోయిన కూలీకి? జీవనోపాధి తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాలకు రోజుకింత అని నిబంధనల్లో ఒక వరుస ఉంది. కాని ఆ కుటుంబాలను రాష్ట్రం గుర్తించి ధ్రువీకరించాలి. మునిగిన ఎకరాలు కనిపించినట్టు పోయిన పనిదినాలు డ్రోను ఫొటోలో కనిపించవు.

2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో ఇదంతా నమోదైంది. పడవ ఉన్నవాడే బాధితుడన్న లెక్కతో, ఆ పడవల మీదా చేపల రేవుల్లోనూ కూలి చేసే దళితులు సహాయం జాబితాల్లోంచి జారిపోయారు. నాగపట్నంలో శవాలు ఎత్తడానికి మాత్రం పారిశుధ్య కార్మికులను వేరే పట్టణాల నుంచి కూడా తీసుకొచ్చారు. మరుసటి ఏడాది వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ పరిహారంలో, సహాయంలో కులం పేరుతో వివక్ష ఉండకూడదంది. కాని బాధితుల జాబితాలను కులాల వారీగా బయటపెట్టాలని ఆ సెక్షన్ చెప్పలేదు. లెక్క లేనిచోట వివక్షను నిరూపించడం ఎలా?

కాబట్టి ఆ లెక్క మనమే తయారు చేసుకోవాలి, అదీ తుఫానుకు ముందే. విద్యార్థి సంఘాలు సెలవుల్లో చేయగల పని ఇది. వాడలో ప్రతి ఇంటికీ తేదీ పడేలా నాలుగు వైపుల నుంచి ఫొటో, గోడ ఏమిటో పైకప్పు ఏమిటో ఒక వాక్యం, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు ఉంటే దాని నకలు. నష్టపోయినవాళ్ల జాబితా గ్రామ సచివాలయం గోడ మీద అంటించాక అభ్యంతరాలకు దొరికేది కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లో ‘గుడిసె’ అన్న మాట పక్కన పెట్టడానికి చేతిలో ఆ ఫొటో ఉండాలి.