సగం చదివిన దేశం

దేశాటనం విద్యలో భాగమని మన పెద్దలు భావించారు. అయితే పరదేశంలో ఒక సెమిస్టరు చదివివచ్చినంత మాత్రాన ఆ దేశం తెలిసినట్లేనా? ఫిన్లాండునే ఉదాహరణగా తీసుకొందాం.

ఆగస్టు చివర హెల్సింకి చేరిన విద్యార్థికి అడవులలో బ్లూబెర్రీలు స్వాగతం పలుకుతాయి. అడవి ఎవరిదైనా, అందులో పండ్లు ఏరుకొనే హక్కు అక్కడ అందరికీ ఉంది. డిసెంబరు నాటికి పగలు సుమారు ఆరు గంటలకు తగ్గిపోతుంది. ఉత్తరాన ఉత్స్‌యోకిలో దాదాపు ఏడు వారాలు సూర్యుడు ఉదయించడు. అప్పుడే తిరిగివచ్చిన విద్యార్థి "అది చీకటి దేశం, అక్కడివారు మితభాషులు" అని తీర్పు చెబుతాడు. ఆ తీర్పు సగం చదివిన కావ్యంపై చేసిన విమర్శ వంటిది.

నిజానికి ఆ చీకటిలోనే, 1917లో ప్రకటించుకొన్న స్వాతంత్ర్యాన్ని స్మరిస్తూ, డిసెంబరు 6న కిటికీలలో కొవ్వొత్తులు వెలిగిస్తారు. సౌనా అనే ఆవిరిగదిలో ఆప్తులతో కలిసి కూర్చుంటారు. ఈ సంప్రదాయానికి 2020లో యునెస్కో గుర్తింపు లభించింది. మే 1న 'వప్పు' పండుగనాడు విద్యార్థులు తెల్లటోపీలు ధరించి వీధులలో ఉత్సవం జరుపుకొంటారు. జూన్‌లో 'యుహన్నుస్' నాడు సరస్సుల ఒడ్డున పెద్ద నెగళ్ళు వేస్తారు. ఆనాడు ఉత్తరప్రాంతంలో సూర్యుడు అస్తమించడు.

దీర్ఘమైన చీకటిని ఓర్చినవారికే ఈ వెలుగు పండుగ అర్థమవుతుంది. కనుక వీలైనవారు అక్కడ ఏడాదంతా ఉండటం మేలు. ఖర్చు దృష్ట్యా అది అందరికీ సాధ్యం కాదు. అటువంటివారు గది తలుపులు మూసుకొని స్వభాషీయులతోనే కాలం గడపక, ఆ చీకటి దినాలలోనే అక్కడివారి ఆహ్వానాలను మన్నించాలి. చూడని ఋతువుల మాట వచ్చినప్పుడు తీర్పు చెప్పక, వినయంతో ఆగాలి.