ఖరగ్‌పూర్‌లో కొత్త రంగుల కర్మాగారం – మార్కెట్లో వెలిసిపోయిన పాత ధీమా

ఖరగ్‌పూర్ అనగానే రైల్వే వర్క్‌షాపు, ఒకప్పుడు ప్రపంచంలోనే అత్యంత పొడవైనదిగా పేరొందిన ప్లాట్‌ఫారం, ఐ.ఐ.టి. గుర్తుకు వస్తాయి. 2025లో ఈ వరుసలో మరో పేరు చేరింది. ఆదిత్య బిర్లా గ్రూపునకు చెందిన గ్రాసిమ్ ఇండస్ట్రీస్ ‘బిర్లా ఓపస్’ పేరుతో నెలకొల్పిన ఆరు రంగుల కర్మాగారాల్లో చివరిది ఇక్కడ ఉత్పత్తి ప్రారంభించింది. మిగిలిన ఐదు పానిపట్, లూధియానా, చెయ్యార్, చామరాజనగర్, మహాడ్‌లలో ఉన్నాయి. ఆరింటి సామర్థ్యం కలిపి ఏడాదికి 133 కోట్ల లీటర్లు. మొత్తం పెట్టుబడి సుమారు 10,000 కోట్ల రూపాయలు.

పట్టణానికి కర్మాగారం రావడం స్థానిక వార్త. కానీ దీని వెనుక ఉన్న పోటీ దేశవ్యాప్తంగా లక్షలాది మదుపరుల లెక్కలను తారుమారు చేసింది. కొని పెట్టుకుంటే చాలు, ధర పెరుగుతూనే ఉంటుందని పేరుపడిన ఏషియన్ పెయింట్స్ షేరు 2022 జనవరిలో 3,500 రూపాయలు దాటింది. 2025 మార్చి నాటికి 2,200 రూపాయల దిగువకు వచ్చింది. వేగంగా ఎదుగుతుందన్న నమ్మకంతో కొన్న షేరు పడిపోయినప్పుడు మదుపరులు ఎలా స్పందిస్తారు, ఆ స్పందనలో ఎంత భాగం ఆలోచన, ఎంత భాగం ఆందోళన అన్నది తెలుసుకోవడానికి ఈ రంగుల పోరు మంచి ఉదాహరణ.

ఈ ప్రశ్న ఖరగ్‌పూర్‌కు దూరమైనది కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగును అధికార భాషల జాబితాలో చేర్చాలని నిర్ణయించినప్పుడు అందరి నోటా వినిపించిన పేరు ఈ పట్టణానిదే. ఇక్కడి రైల్వే కుటుంబాల పొదుపు చాలాకాలం భవిష్య నిధి, పోస్టాఫీసు, పింఛను చుట్టూనే తిరిగింది. 2004 జనవరి 1 తర్వాత ఉద్యోగంలో చేరినవారి పరిస్థితి వేరు. వారికి జాతీయ పింఛను పథకం వర్తించింది. వారి నెలసరి చందాలో కొంత భాగం షేర్ మార్కెట్‌లోకి వెళుతుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి హామీతో కూడిన ఏకీకృత పింఛను పథకాన్ని ఎంచుకునే వీలు కల్పించినా, మార్కెట్‌తో ముడి పూర్తిగా వీడలేదు. అంటే డీమ్యాట్ ఖాతా తెరవని ఫిట్టరు, లోకో పైలట్ కూడా తెలియకుండానే మదుపరులు. తెలిసి దిగినవారి సంఖ్య కూడా తక్కువేమీ కాదు. దేశంలో 2020 మార్చి నాటికి దాదాపు 4 కోట్లున్న డీమ్యాట్ ఖాతాలు 2025 మార్చి నాటికి 19 కోట్లు దాటాయి. వీరిలో అత్యధికులు పెరిగే మార్కెట్‌ను మాత్రమే చూసినవారు.

ఏషియన్ పెయింట్స్ విషయంలో చాలామంది గమనించని లెక్క ఒకటి ఉంది. 2021-22 ఆర్థిక సంవత్సరంలో కంపెనీ నికర లాభం సుమారు 3,030 కోట్ల రూపాయలు. 2023-24లో అది దాదాపు 5,460 కోట్లు. రెండేళ్లలో లాభం 80 శాతం పెరిగింది. షేరు ధర మాత్రం 2022 జనవరి నాటి గరిష్ఠాన్ని దాటలేదు. లాభం అంత పెరిగినా ధర ఎందుకు కదలలేదు? 2022 జనవరిలో మదుపరులు ఆ షేరుకు ఏడాది లాభానికి నూరు రెట్లకు పైగా చెల్లించారు. రాబోయే చాలా ఏళ్ల ఎదుగుదలను ముందుగానే ధరలో కలిపేశారు. తర్వాత వచ్చిన లాభం ఆ బాకీ తీర్చడానికే సరిపోయింది.

ఈ గుణకారం దిగివచ్చేటప్పుడు ఎంత నిర్దయగా పనిచేస్తుందో చిన్న లెక్కతో చెప్పవచ్చు. షేరుకు 30 రూపాయల లాభం ఉండి, మార్కెట్ దానికి నూరు రెట్లు చెల్లిస్తే ధర 3,000. లాభం పదో వంతు తగ్గి 27 రూపాయలైంది, భవిష్యత్తుపై అనుమానంతో మార్కెట్ 50 రెట్లే ఇస్తానన్నది అనుకుందాం. ధర 1,350. లాభంలో పోయింది 10 శాతం, ధరలో పోయింది 55 శాతం. కంపెనీ మూతపడలేదు, నష్టాల్లోనూ లేదు. తగ్గింది ఆశ మాత్రమే. అధిక వృద్ధి షేర్లన్నింటిలోనూ ఉన్న ప్రమాదం ఇదే. వ్యాపారం బాగుండడం ఒకటి, ఆ వ్యాపారానికి చెల్లించిన ధర బాగుండడం మరొకటి.

ఆశ తగ్గడం ఒక్కరోజులో జరగలేదు. 2022 మేలో గ్రాసిమ్ తన రంగుల వ్యాపార పెట్టుబడిని 5,000 కోట్ల నుంచి 10,000 కోట్లకు పెంచుతున్నట్లు ప్రకటించింది. మర్నాడే ఏషియన్ పెయింట్స్ షేరు సుమారు 8 శాతం పడిపోయింది. అప్పటికి బిర్లా ఓపస్ డబ్బా ఒక్కటి కూడా దుకాణానికి రాలేదు. ఉత్పత్తి 2024 ఫిబ్రవరిలో గాని మొదలు కాలేదు. మధ్యలో షేరు కోలుకుంది, 2024 సెప్టెంబరులో మళ్లీ 3,300 రూపాయలు దాటింది. భయం ఉత్తదేనని చాలామంది తీర్మానించుకున్నారు. సరిగ్గా అప్పుడే అసలు దెబ్బ తగిలింది. 2024 జులై-సెప్టెంబరు త్రైమాసికంలో నికర లాభం 1,205 కోట్ల నుంచి 694 కోట్లకు తగ్గింది. ఫలితాల తర్వాత తొలి ట్రేడింగ్ రోజైన నవంబరు 11న షేరు 8 శాతానికి పైగా పతనమైంది. 2024-25 మొత్తంమీద నికర లాభం మూడో వంతు తగ్గి సుమారు 3,667 కోట్లకు చేరింది. ఆ త్రైమాసికంలో గిరాకీ మందగించింది, వానలు ఎక్కువ రోజులు కురిశాయి, ముడి సరుకుల ఖర్చు పెరిగింది. నెపమంతా కొత్త పోటీదారుపైనే నెట్టడం సరికాదు. అయితే గిరాకీ మందగించిన వేళ వచ్చిన పోటీ రెట్టింపు బరువుగా తోస్తుంది.

రంగుల వ్యాపారంలో పోటీ ఎలా జరుగుతుందో తెలిస్తే ఈ పతనం ఇంకా బాగా అర్థమవుతుంది. ఇంటి యజమాని ఎంచుకునేది సాధారణంగా రంగును. కంపెనీని ఎంచుకునేది చాలా సందర్భాల్లో పెయింటరు, లేదా వీధి చివరి దుకాణదారు. దుకాణంలో రంగులు కలిపే యంత్రం ఏ కంపెనీదైతే అమ్మకం ఎక్కువగా ఆ కంపెనీదే. చిన్న దుకాణంలో రెండో యంత్రానికి చోటు దొరకడం కష్టం, దానికయ్యే పెట్టుబడి ఇంకా కష్టం. ఏషియన్ పెయింట్స్ దశాబ్దాల తరబడి కట్టుకున్న కోటగోడ ఇదే. బిర్లా ఓపస్ ఆ గోడనే గురి చూసింది. యంత్రాన్ని డీలర్లకు ఉచితంగా సమకూర్చింది, ఎక్కువ మార్జిన్ ఇచ్చింది, డబ్బాలో అదనపు పరిమాణం కలిపి అమ్మింది. ఇల్లు వేయించుకునేవారి అభిరుచి మారలేదు, దుకాణదారు లెక్క మారింది. పాత కంపెనీ తన వాటాను నిలబెట్టుకోవాలన్నా రాయితీలు పెంచక తప్పదు. వాటా పోకపోయినా లాభం పోతుంది. మార్కెట్ భయపడింది దీనికే.

తెలుగువారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. ఏషియన్ పెయింట్స్ భారీ కర్మాగారాల్లో ఒకటి విశాఖపట్నం సమీపంలోని పూడిలో 2019 జనవరిలో ప్రారంభమైంది. అంటే హౌరా-చెన్నై రైలు మార్గంలో ఒక కొసన పాత దిగ్గజం, మరో కొసన కొత్త పోటీదారు. ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్‌కు కుటుంబాలు వలస వచ్చిన దారిలోనే ఇప్పుడు ఈ రెండు కంపెనీల కర్మాగారాలు ఉన్నాయి.

ఇక మదుపరుల స్పందన. పెద్దవారు, చిన్నవారు ఒకేలా కదలలేదు. 2024 అక్టోబరులో విదేశీ మదుపు సంస్థలు భారత షేర్లలో దాదాపు 94,000 కోట్ల రూపాయల విలువైనవి అమ్మేశాయి. ఆ నెలలో దేశీయ సంస్థలు లక్ష కోట్లకు పైగా కొన్నాయి. దేశీయ సంస్థల చేతిలోని డబ్బులో పెద్ద భాగం నెలజీతగాళ్లు క్రమం తప్పకుండా వేసే ‘సిప్’ సొమ్ము. 2025 జూన్‌లో మరో ఘట్టం. రిలయన్స్ ఇండస్ట్రీస్ 2008లో సుమారు 500 కోట్లకు కొన్న ఏషియన్ పెయింట్స్ వాటాలో అధిక భాగాన్ని, అంటే 3.5 కోట్ల షేర్లను, ఒక్కొక్కటి 2,201 రూపాయల చొప్పున విక్రయించింది. కొన్నది ఎస్.బి.ఐ. మ్యూచువల్ ఫండ్. పదిహేడేళ్లు ఆగిన పెద్ద మదుపరి చేతి నుంచి షేర్లు చిన్న పొదుపరుల ఉమ్మడి నిధిలోకి వచ్చాయి. ఆ కొనుగోలు తప్పని ఎవరూ అనలేరు, ధర అప్పటికే బాగా తగ్గి ఉంది. కానీ తమ సొమ్ము ఆ పందెంలో ఉందని ఎందరు పొదుపరులకు తెలుసు?

తెలియనివారి ఆందోళన వేరే రూపంలో బయటపడింది. 2024 సెప్టెంబరు గరిష్ఠం నుంచి నిఫ్టీ 2025 మార్చి ఆరంభానికి దాదాపు 16 శాతం తగ్గింది. ఆ జనవరిలో సుమారు 56 లక్షల కొత్త సిప్‌లు నమోదు కాగా, 61 లక్షలు ఆగిపోయాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లోనూ కొత్తవాటి కన్నా ఆగినవే ఎక్కువ. గడువు ముగిసి ఆగినవీ ఇందులో ఉన్నాయి. అయినా ధర పెరిగినప్పుడు చేరడం, తగ్గినప్పుడు తప్పుకోవడం అనే పాత అలవాటు ఈ అంకెల్లో కనిపిస్తూనే ఉంది. ఎక్కువ ధరకు కొని, చౌకగా దొరికే వేళ ఆపేయడం సిప్ ఉద్దేశానికే విరుద్ధం.

దీనికి వ్యతిరేక దిశలో జరిగే పొరపాటు మరింత ఖరీదైనది. పడిన ప్రతి షేరూ మళ్లీ లేస్తుందని సగటు ధర తగ్గించుకోవడానికి ఇంకా ఇంకా కొనడం. ఓలా ఎలక్ట్రిక్ 2024 ఆగస్టులో 76 రూపాయలకు షేర్లు జారీ చేసింది. రెండు వారాల్లోపే ధర 150 దాటింది. కొద్ది నెలల్లోనే జారీ ధర కన్నా కిందికి జారింది. అక్కడా కారణం దుకాణంలోనే ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు పది వేలకు పైగా ఫిర్యాదులు అందిన నేపథ్యంలో 2024 అక్టోబరులో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కంపెనీకి నోటీసు ఇచ్చింది. ఆ తర్వాతి నెలల్లో టీవీఎస్, బజాజ్ అమ్మకాల్లో దాన్ని దాటిపోయాయి. ఏషియన్ పెయింట్స్‌కు లాభాలు తగ్గాయి, ఓలాకు లాభాలే లేవు. రెండు పతనాలూ చార్టు మీద ఒకేలా కనిపిస్తాయి, లోపల ఉన్నది మాత్రం వేర్వేరు. ఈ తేడా చూడకుండా ‘పడింది కాబట్టి కొందాం’ అనడం పెట్టుబడి కాదు.

ఆ తేడా ఎంతటిదో 2025 నవంబరులో తేలింది. జులై-సెప్టెంబరు త్రైమాసికంలో ఏషియన్ పెయింట్స్ నికర లాభం 43 శాతం పెరిగి 994 కోట్లకు చేరింది. అమ్మకాల పరిమాణమూ పది శాతానికి పైగా పెరిగింది. అంతకు కొద్ది రోజుల ముందే బిర్లా ఓపస్ సారథి పదవి వీడారన్న వార్తతో గ్రాసిమ్ షేరు పడగా, ఏషియన్ పెయింట్స్ షేరు పెరిగింది. అమ్మిన మదుపరులు చింతించారు, కొన్నవారు సంతోషించారు. అయితే లాభం 694 కోట్ల అతి తక్కువ స్థాయి నుంచి పెరిగిందని, రెండేళ్ల క్రితం నాటి 1,205 కోట్లను ఇంకా అందుకోలేదని గుర్తుంచుకోవాలి.

గ్రాసిమ్, ఏషియన్ పెయింట్స్ రెండూ నిఫ్టీ 50 సూచీలో ఉన్నాయి. కాబట్టి సూచీ ఫండ్‌లో సొమ్ము పెట్టినవారు ఈ పోరులో ఇరుపక్షాలా ఉన్నట్లే. ఒకటి పడితే మరొకటి కొంత ఆదుకుంటుంది. ఒకే షేరులో భవిష్య నిధి సొమ్ము మొత్తం పెట్టిన విశ్రాంత ఉద్యోగికి ఈ వెసులుబాటు లేదు.

పోరు ఇంకా ముగియలేదు. 2025 జూన్‌లో జె.ఎస్.డబ్ల్యూ. పెయింట్స్ కూడా అక్జో నోబెల్ ఇండియాలో మెజారిటీ వాటా కొనుగోలుకు ఒప్పందం చేసుకొని బరిలో బలపడింది. డీలర్లపై ఒత్తిడి తెచ్చి తమను అడ్డుకుంటున్నారన్న గ్రాసిమ్ ఫిర్యాదుపై జులై 1న కాంపిటీషన్ కమిషన్ ఏషియన్ పెయింట్స్‌పై విచారణకు ఆదేశించింది. ఆ ఆదేశాన్ని సవాలు చేసిన పిటిషన్‌ను బొంబాయి హైకోర్టు కొట్టివేసింది, సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. జె.ఎస్.డబ్ల్యూ. ఇదే తరహాలో చేసిన ఫిర్యాదును కమిషన్ 2022లో మూసివేసిన సంగతీ ఉంది. ఈసారి విచారణలో ఏం తేలుతుందన్న దానిపైనే రంగుల దుకాణంలో రెండో యంత్రానికి ఎంత చోటు దొరుకుతుందన్నది చాలావరకు ఆధారపడి ఉంది.