కంటికి పిలుపు ఏది?

చిత్తిరై పండగలో అళగర్ వైగై ఏట్లో దిగే వేకువన, చెంబు నిండా చక్కెర పోసి, పైన కర్పూరం వెలిగించి స్వామికి ఎదురుపట్టడం మదురైలో చాలా ఇళ్ళకు మొక్కు. తెలుగిళ్ళకూ ఉంది. ఆ చెంబు పట్టిన చేతుల్లో షుగరు మాత్ర వేసుకునే చేతులూ ఉంటాయి. ప్రసాదం నోట్లో వేసుకుంటూ ‘ఈ ఒక్క పూటకేం కాదులే’ అనుకునేవాళ్ళను మేము తప్పుపట్టబోవడం లేదు. పండగనాటి తీపి మీద హితబోధలు వినీ వినీ వాళ్ళ చెవులు ఇప్పటికే తూట్లు పడ్డాయి. మా పేచీ మిగిలిన 364 రోజులతో.

దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం, 31 కోట్ల మందికి పైగా రక్తపోటు ఉన్నాయని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కగట్టింది. ఈ రెండు జబ్బులూ ఏళ్ళ తరబడి నొప్పి పుట్టించవు. నొప్పి లేనిదానికి ఒక పూట కూలి పోగొట్టుకుని ఆసుపత్రి వరసలో నిలబడమంటే ఎవరు నిలబడతారు? ఆ సంగతి గ్రహించే తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ‘మక్కళై తేడి మరుత్తువం’ మొదలుపెట్టింది. పేరులోనే ఉంది, జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యమని. వలంటీరమ్మ గడప ఎక్కి, బీపీ చూసి, మాత్రలు చేతిలో పెట్టి పోతుంది. 2024లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. ఆ మెప్పు న్యాయమైనదే.

అయితే మాత్ర ఇంటికి రావడంతో ఇంకొక చిక్కు వచ్చిపడింది. మాత్ర అందింది కనుక వైద్యం అందినట్టేనని ఇంటివాళ్ళు అనుకుంటున్నారు, సర్కారు లెక్కలూ అలాగే అనుకుంటున్నాయి. కానీ మాత్రతోనే పని అయిపోదు. చక్కెరజబ్బు సన్న రక్తనాళాలకూ చెరుపు చేస్తుంది. కంటి వెనక రెటీనా మీద ఆ నాళాలు ఉబ్బుతాయి, కారతాయి, మూసుకుపోతాయి. ఇదంతా జరుగుతున్నా చాలాకాలం చూపు మామూలుగానే ఉంటుంది. ‘కండ్లు బాగానే అగుపిస్తాండాయి గదా, నాకెందుకురా కంటాసుపత్రి?’ అని అవ్వ అడిగితే ఆమె అబద్ధం ఆడుతున్నట్టు కాదు. మసక తెలిసేనాటికి లేజరు, ఇంజెక్షన్లు ఉన్న చూపును నిలబెట్టగలవు. పోయినదాన్ని తెచ్చిపెట్టడం చాలాసార్లు వాటి తరం కాదు. 40 ఏళ్ళు దాటిన మధుమేహుల్లో 12.5 శాతం మందికి రెటీనా దెబ్బతిని ఉందని 2022లో వెలువడిన అఖిల భారత అధ్యయనం చెప్పింది. ఎనిమిది మందిలో ఒకరన్నమాట. నూటికి నలుగురికి చూపే పోయే ప్రమాదం. అందుకే టైప్ 2 మధుమేహం బయటపడిన రోజే కళ్ళు చూపించుకోవాలనీ, ఆపైన ఏటా చూపించుకోవాలనీ డాక్టర్లు అంటారు. రెటీనా ఫోటో తీయడానికి పట్టేది కొన్ని నిమిషాలు.

ఈ మాట ఏ మారుమూల ఊరి గురించో అయితే ఇంత గట్టిగా అడిగేవాళ్ళం కాము. ఇది మదురై. వడమలాపురంలో పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాక, 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి తెరిచింది ఇక్కడే. పడుచు వయసులోనే కీళ్ళవాతం ఆయన వేళ్ళను వంకర్లు తిప్పింది. ఆ వేళ్ళతోనే లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. ఆయన పోరు ముఖ్యంగా శుక్లాలతో. శుక్లం పట్టినవాడికి తన చూపు పోతోందని తెలుసు, గోడ పట్టుకు నడుస్తున్న సంగతి ఇల్లంతా చూస్తుంది. అయినా రారు. ఊళ్ళలో ఉచిత శిబిరాలు పెట్టినా, కంటి జబ్బున్నవాళ్ళలో వందకు ఏడుగురు కూడా రావడం లేదని ఆ ఆసుపత్రివాళ్ళే పాలుపంచుకున్న 1999 నాటి అధ్యయనం ఒప్పుకుంది. ఆ లెక్క దాచిపెట్టుకోకుండా అచ్చువేయడం మాకు ఆ లక్ష ఆపరేషన్లంత గొప్పగా కనిపిస్తుంది. శిబిరం ఒక రోజు వచ్చి పోతే చాలదని తెలిశాక, వాళ్ళు పల్లెల దగ్గర్లోనే ఎప్పుడూ తెరిచుండే దృష్టి కేంద్రాలు పెట్టారు. రెటీనా ఫోటోలు చదివే గూగుల్ కృత్రిమ మేధ మొట్టమొదట పనిలో దిగిన ఆసుపత్రుల్లో కూడా మదురై అరవింద్ ఒకటి.

జబ్బు తెలిసినవాడే రానప్పుడు, తెలియనివాడు తనంతట తాను వస్తాడని ఎదురుచూడడం ఎలాంటి వైద్యం?

ఇంగ్లండు 2003లో ఒక పని మొదలుపెట్టింది. పన్నెండేళ్ళు దాటిన ప్రతి మధుమేహి పేరూ ఒక జాబితాకెక్కించి, కంటి ఫోటోకు రమ్మని ఉత్తరం పంపడం. కొన్నేళ్ళు గడిచాక లెక్క చూసుకుంటే, పనిచేసే వయసువాళ్ళ అంధత్వానికి మధుమేహ రెటీనా జబ్బు మొదటి కారణంగా లేకుండా పోయింది. అర్ధశతాబ్దంలో అలా జరగడం అదే మొదలు. అక్కడ ఉండి ఇక్కడ లేనిది ఆ ఉత్తరం ముక్కే. కెమెరా మదురైలో ఉంది, చదివే డాక్టరు ఉన్నాడు, ఎవరికి షుగరుందో చెప్పే జాబితా వలంటీరమ్మ చేతి పుస్తకంలోనే ఉంది.

కనుక మా డిమాండు చిన్నది. ఆ పుస్తకంలో మాత్రల గడి పక్కన ఇంకొక గడి గీయాలి: కంటి ఫోటో తీసిన తేదీ. ఏడాది దాటితే ఏ రోజు, ఎక్కడికి రావాలో ఇంటికి పిలుపు వెళ్ళాలి. రాకపోతే మళ్ళీ వెళ్ళాలి. గడి ఖాళీగా ఉందని మాత్రలు మాత్రం ఆపకూడదు, అది వైద్యం పేరిట దండన అవుతుంది. వలంటీర్లకు ఇప్పటికే పని ఎక్కువ, చేతికొచ్చేది తక్కువ అంటారు. నిజమే. కొత్త పనికి కొత్తగా డబ్బివ్వండి. చూపు పోయిన మనిషిని, ఆ మనిషిని కనిపెట్టుకుని ఇంట్లోనే ఉండిపోయే కోడలిని కలిపి లెక్కేసుకుంటే ఆ డబ్బు ఏపాటిది?

ఇక మన ఇళ్ళ సంగతి. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, డాక్టరు తమిళంలో చెబుతాడు, ఇంట్లో అవ్వతో మాట్లాడేది నాయకరాజుల కాలంనుంచీ వస్తున్న తెలుగు. ఈ మూడు రేవులు దాటేసరికి ‘మాత్ర ఆపొద్దు’ అన్నది ‘షుగరు తగ్గితే ఆపొచ్చు’గా మారిపోతుంది. తగ్గింది ఆ మాత్ర వల్లనేనని ఇంటి భాషలో చెప్పాల్సింది చదువుకున్న మనమళ్ళు. బీపీని కూడా కంటితో ముడిపెట్టి చెప్పాలి. మధుమేహుల్లో రక్తపోటును గట్టిగా అదుపులో పెడితే రెటీనా చెడిపోయే ముప్పు 34 శాతం తగ్గిందని 1998లోనే బ్రిటన్ పరిశోధన తేల్చింది. మెంతులు, కాకరరసం తీసుకునేవాళ్ళు తీసుకోండి, మాత్రకు బదులుగా మాత్రం వద్దు. ఇంకొక మాట, ఇది మగవాళ్ళకు: మీ పరీక్షల కాగితాలు ఫైల్లో పెట్టి దాచే ఇల్లాలికి తన ఫైలంటూ ఒకటుందా?

ఈసారి వలంటీరమ్మ గడప ఎక్కినప్పుడు, మాత్రలు లెక్కపెట్టుకునే ముందు, అవ్వ కంటి ఫోటో తీసి ఎన్నాళ్ళయిందో ఆ పుస్తకంలో రాసి ఉందేమో అడగండి. గడి లేదంటే పెన్ను మీరే అందించండి.